కీహోల్ వెన్నెముక ఆపరేషన్ తర్వాత గాయం: కుట్లు, పిన్నులు, గ్లూ... దేనితో మూశారో తెలుసుకుని చూసుకోవడం ఎలా?

వెన్నుకి చిన్న కోతతో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, వాళ్ళని చూసుకునే ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. స్నానం ఎప్పుడు చేయొచ్చు, కట్టు ఎన్నాళ్ళుంచాలి, కుట్లే కనబడట్లేదు మరి ఎలా మూశారు, ఈ కారేది మామూలు రసేనా లేక చీమా? ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్తారు, ఎందుకంటే ఒక్కొక్కరి గాయాన్ని ఒక్కో రకంగా మూసి ఉంటారు. పిన్నులు వేసిన మనిషికి చెప్పిన జాగ్రత్త గ్లూ వేసిన మనిషికి పనికిరాదు, ఒక్కోసారి చెరుపు కూడా చేస్తుంది.

అందుకని ముందు మీ గాయాన్ని ఎలా మూశారో తెలుసుకోవాలి, జాగ్రత్తలు ఆ తర్వాత. ఈ మార్గదర్శి కూడా అదే వరసలో వెళ్తుంది. ఇందులో రాసినదానికీ మీ సర్జన్ చెప్పినదానికీ తేడా వస్తే సర్జన్ మాటే వినండి, లోపల ఏం జరిగిందో చూసింది ఆయనే కదా.

## 1. కోత చిన్నదే, కానీ కింద పొరలున్నాయి

కోత సైజు ఆపరేషన్‌ని బట్టి ఉంటుంది. సన్నటి గొట్టం పెట్టి డిస్క్ తీసే ఆపరేషన్‌లో సుమారు 2 నుంచి 3 సెంటీమీటర్లు. ఎండోస్కోప్‌తో (సన్నటి కెమెరా గొట్టంతో) అయితే 1 సెంటీమీటరు అటూ ఇటూగా ఒక గాటు, రెండు దారుల పద్ధతిలో అలాంటివి రెండు. చర్మం గుండా స్క్రూలు దింపితే ఒక్కోదానికి 1.5 నుంచి 2 సెంటీమీటర్లు, కాబట్టి వీపు మీద నాలుగో ఆరో గాట్లు కనబడతాయి. విరిగిన వెన్నుపూసలోకి సిమెంట్ ఎక్కిస్తే మిగిలేది కొన్ని మిల్లీమీటర్ల గాటే, దానికి చాలాసార్లు చిన్న పట్టీ సరిపోతుంది.

గొట్టం పెట్టేటప్పుడు కండరాన్ని అడ్డంగా కోయరు, పోగుల మధ్యనుంచి నెమ్మదిగా విడదీస్తారు. గొట్టం బయటికి లాగగానే కండరం మళ్ళీ దగ్గరికి వచ్చేస్తుంది. లోపల ఖాళీ పెద్దగా మిగలదు కాబట్టి రక్తం పోవడానికి డ్రెయిన్ గొట్టం చాలామందికి అవసరం రాదు. రెండు దారుల ఎండోస్కోపీలో మాత్రం లోపల రక్తం గడ్డకట్టి నరాన్ని నొక్కకుండా కొందరు సర్జన్లు డ్రెయిన్ పెడతారు. అది ఉన్నంతమాత్రాన ఆపరేషన్‌లో ఏదో తేడా జరిగిందని టెన్షన్ పడకండి.

ఇక మూయడం. సాధారణంగా మూడు పొరలు:

- ఫాసియా: కండరం మీద ఉండే తెల్లటి గట్టి పొర. 0 లేదా 1 సైజు కరిగే దారంతో కుడతారు. కోత ఇరుకు కాబట్టి బాగా వంపున్న చిన్న సూది వాడతారు.
- చర్మం అడుగు: కొవ్వుకీ చర్మానికీ మధ్య 2-0 లేదా 3-0 కరిగే దారం. ముడి లోపలి వైపుకి ఉండేలా వేస్తారు, లేకపోతే తర్వాత చర్మాన్ని గుచ్చుకుంటుంది.
- పైచర్మం: మీకు కనబడేది ఇదొక్కటే. పద్ధతులు మారేది ఎక్కువగా ఇక్కడే.

అసలు బలమంతా ఫాసియా కుట్టులో ఉంటుంది. వెన్నుపాము చుట్టూ ఉండే డ్యూరా పొర ఆపరేషన్‌లో కాస్త చిరిగితే, లోపలి నీరు బయటికి రాకుండా ఆపే అడ్డుకట్టల్లో ఫాసియా ముఖ్యమైనది. అలాంటప్పుడు దాన్ని మరింత దగ్గరదగ్గరగా, బిగువుగా కుడతారు. మీ కేసులో డ్యూరా చిరిగిందా లేదా అన్నది అడిగి తెలుసుకోండి, ఇంటికెళ్ళాక దేన్ని గమనించాలో దాన్ని బట్టి మారుతుంది.

దారాల బలం గురించి కూడా రెండు ముక్కలు. లోపలి పొరలకి ఎక్కువగా వాడే విక్రిల్ రకం దారంలో రెండు వారాలకి సుమారు 75 శాతం, మూడు వారాలకి 50 శాతం బలం మిగులుతుంది, పూర్తిగా కరగడానికి 56 నుంచి 70 రోజులు పడుతుంది. పైచర్మం కింద వేసే మోనోక్రిల్ రకం మొదటి వారంలోనే దాదాపు సగం బలం కోల్పోతుంది, ఆనవాలు లేకుండా పోవడానికి మాత్రం మూడు నాలుగు నెలలు.

ఇటు చర్మం చూస్తే, మొదటి వారంలో దానికి సొంత బలం దాదాపు లేదనే అనుకోవాలి. మూడు వారాలకి మామూలు చర్మంలో నాలుగో వంతుకి అటూ ఇటూగా, మూడు నెలలకి 80 శాతం దాకా వస్తుంది. పది రోజులకే పైన గీత శుభ్రంగా అతుక్కున్నట్టు కనబడుతుంది, అది చూసి బరువులెత్తేవాళ్ళు ఎందరో. కింద పొర ఇంకా దారం ఆసరాతోనే నిలబడి ఉందని మర్చిపోకండి.

## 2. మీ చర్మాన్ని దేనితో మూశారో గుర్తుపట్టండి

డిశ్చార్జ్ కాగితంలో ఉంటే సరే, లేకపోతే చూసి పోల్చుకోవచ్చు.

కనబడని లోపలి కుట్టు. 3-0 లేదా 4-0 కరిగే దారం చర్మం కింద అంచు వెంబడి పాములా వెళ్తుంది. పైకి సన్నని గీత తప్ప ఏమీ కనబడదు. తీయాల్సిన పని లేదు. ఒక్కోసారి గీత చివర చిన్న దారం కొస బయటికి ఉంటుంది, దాన్ని లాగకూడదు. (సున్నా ముందు అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, 2-0 కన్నా 4-0 సన్నం.)

గ్లూ. చర్మానికి వాడే సైనోఅక్రిలేట్ జిగురు. మెరుస్తూ, కాస్త ఊదా ఛాయతో గానీ రంగు లేకుండా గానీ పలచని పొరలా ఉంటుంది. కింద కనబడని కుట్టు, పైన గ్లూ, రెండూ కలిపి వేయడమే ఎక్కువ. 5 నుంచి 10 రోజుల్లో అంచుల నుంచి పొరలు పొరలుగా దానంతటదే లేస్తుంది. గ్లూ కింద వలలాంటి టేపు కూడా వేస్తే అది ఇంకొన్నాళ్ళు ఉంటుంది, ఎప్పుడు తీయాలో వేసినవాళ్ళనే అడగండి.

అంటించే సన్న పట్టీలు. స్టెరి-స్ట్రిప్ లాంటివి. కోతకి అడ్డంగా నిచ్చెన మెట్లలా వరసగా ఉంటాయి. వారం, పది రోజుల్లో ఊడతాయి.

పైకి కనబడే నైలాన్ కుట్లు. నల్లగానో నీలంగానో ముళ్ళు కనబడతాయి. ఇవి కరగవు, తీయించుకోవాల్సిందే.

స్టేపుల్స్. చాలామంది పిన్నులు అంటారు. స్టీలు పిన్నులు గీతకి అడ్డంగా వరసగా. ఇవీ తీయించుకోవాలి.

ఏది మంచిదని అడిగితే నా అభిప్రాయం చెప్తాను. నడుము దగ్గర 2, 3 సెంటీమీటర్ల గాటుకి కనబడని కుట్టు, దాని మీద గ్లూ లేదా పట్టీలు, ఇదే హాయి. పడుకుంటే గుచ్చుకోదు, తీయించుకోవడానికి తిరగక్కర్లేదు. స్టేపుల్స్ పొడుగాటి కోతల్లో టైమ్ ఆదా చేస్తాయి, చిన్న గాటుకి ఆ లాభం పెద్దగా ఉండదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా, వెన్ను గురించి కాకపోయినా, సిజేరియన్ తర్వాత గాయం పైపొర విచ్చుకునే ప్రమాదం తగ్గడానికి స్టేపుల్స్ బదులు కుట్లు వేసే విషయం ఆలోచించమంటోంది.

అలాగని నైలాన్ కుట్లు వేశారని సర్జన్ మీద గుర్రుగా ఉండకండి. డ్యూరా చిరిగినప్పుడు, అదే చోట రెండోసారి ఆపరేషన్ అయినప్పుడు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడి చర్మం పలచబడినప్పుడు విడివిడిగా వేసిన నైలాన్ కుట్లే ధైర్యం. ఒక కుట్టు తెగినా మిగతావి పట్టుకునే ఉంటాయి.

## 3. ఆపరేషన్‌కి ముందే చేయాల్సినవి

గాయం మానడం కోత పెట్టకముందే మొదలవుతుంది అనడం అతిశయోక్తి కాదు.

- సిగరెట్, బీడీ, గుట్కా, వేప్ (ఈ-సిగరెట్) ఏదైనా సరే, కనీసం నాలుగు వారాల ముందు ఆపండి. నికోటిన్ సన్నటి రక్తనాళాలని బిగదీస్తుంది, గాయానికి రక్తం చాలదు.
- షుగర్ ఉంటే అదుపులోకి వచ్చాకే డేట్ తీసుకోండి. అత్యవసరం కాకపోతే ఆపరేషన్ రెండు వారాలు వెనక్కి జరిగినా నష్టం లేదు.
- రక్తం పలచబరిచే మందులు, స్టెరాయిడ్లు, కీళ్ళవాతం మందులు వాడుతుంటే పేర్లన్నీ రాసి ఇవ్వండి. మీ అంతట మీరు ఆపేయొద్దు.
- టేపు, జిగురు, అయోడిన్, నికెల్ దేనికైనా ఇంతకుముందు దద్దుర్లు వచ్చాయా? కృత్రిమ గోళ్ళు, కృత్రిమ కనురెప్పలు అతికించే జిగురుతో దురద పుట్టినా చెప్పండి, చర్మానికి వాడే గ్లూ కూడా దాదాపు ఆ జాతిదే.
- వీపు మీద వెంట్రుకలు ఇంట్లో రేజర్‌తో గీయొద్దు. కంటికి కనబడని గాట్లు పడి ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది. అవసరమైతే హాస్పిటల్లో క్లిప్పర్‌తో కత్తిరిస్తారు.
- ముందు రాత్రి లేదా ఆ పొద్దున సబ్బుతో స్నానం. ఆ తర్వాత వీపుకి క్రీము, నూనె, పౌడరు ఏవీ రాయొద్దు.
- వీపు మీద సెగ్గడ్డ, పుండు, చీము పొక్కు ఉంటే దాచకండి.

## 4. ఇంటికి బయల్దేరే ముందు అడగాల్సినవి

వీటికి జవాబులు ఫోన్లో రాసుకోండి. మత్తు దిగని మనిషికి ఏమీ గుర్తుండదు, తోడుగా ఉన్నవాళ్ళే అడగాలి.

1. పైచర్మం దేనితో మూశారు? తీయాల్సినవి ఉన్నాయా, ఎన్ని, ఏ రోజు?
2. మొత్తం ఎన్ని గాట్లు, ఎక్కడెక్కడ?
3. డ్యూరా చిరిగిందా?
4. ఇప్పుడున్న డ్రెస్సింగ్ నీళ్ళు తగిలినా పర్లేదా? ఎన్నాళ్ళుంచాలి?
5. స్నానం ఏ రోజు నుంచి?
6. బెల్ట్ వేసుకోవాలా? గాయం మీద పడితే ఏం చేయాలి?
7. రాత్రిపూట సమస్య వస్తే ఏ నంబరుకి చేయాలి?

ఇంకో పని. వెళ్ళేముందు నర్సు డ్రెస్సింగ్ మారుస్తుంటే అనుమతి తీసుకుని గాయాన్ని ఒక ఫోటో తీయండి. తర్వాత ప్రతిరోజూ పోల్చుకోవడానికి మొదటి ఫోటో ఇదే.

## 5. మొదటి 48 గంటలు

డ్రెస్సింగ్‌ని ముట్టుకోకపోవడమే ఇక్కడ పెద్ద పని. మూసిన గాయం అంచులు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పైపొరతో కప్పుకుంటాయి, అది అయ్యేదాకా మధ్యలో తెరిచి చూడటం వల్ల క్రిములకి దారి ఇవ్వడం తప్ప వేరే ఉపయోగం లేదు.

కోత చుట్టూ మొద్దుబారే మందు ఎక్కించి ఉంటే మొదటి కొన్ని గంటలు నొప్పి పెద్దగా తెలియదు. ఆ మందు దిగాక ఒక్కసారిగా నొప్పి పెరిగినట్టు అనిపించడం మామూలే, మాత్ర టైముకి వేసుకోండి, నొప్పి ముదిరేదాకా ఆగకండి.

గాజుగుడ్డ మీద ఎర్రటి మరక కనబడితే దాని అంచు వెంబడి బాల్‌పెన్‌తో గీత గీసి పక్కన టైము రాయండి. రెండు మూడు గంటల తర్వాత చూడండి. గీత దాటకపోతే, రంగు ముదురు గోధుమకి మారుతుంటే, కారడం ఆగినట్టే. గీత దాటి పాకుతూనే ఉంటే ఫోన్ చేయండి. ఎండోస్కోపీ అయినవాళ్ళకి లోపల వాడిన సెలైన్ నీరు లేత గులాబీ రంగులో మొదటి రోజు కాస్త ఊరుతుంది. రెండో రోజు కూడా ఆగకుండా నీళ్ళలా కారుతుంటే మాత్రం అది సెలైనే అయ్యుంటుందని సర్దుకోవద్దు, చూపించండి.

మంచం మీద నుంచి లేచేటప్పుడు నడుము మెలితిప్పకుండా, భుజం, తుంటి ఒకేసారి తిప్పి పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు కిందకి దించి, చేత్తో నొక్కి లేవండి. వెన్నుకి ఎంత మంచిదో కుట్లకీ అంతే మంచిది.

## 6. డ్రెస్సింగ్ మార్చే పద్ధతి

డాక్టర్ మార్చమన్నప్పుడు, లేదా తడిసిపోయినప్పుడు, అంచు లేచిపోయినప్పుడు మాత్రమే. ఎవరికివారు వీపుకి మార్చుకోలేరు, ఒకరి సాయం కావాలి.

సర్దుకోవాల్సినవి: కొత్త స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) డ్రెస్సింగ్, స్టెరైల్ గాజుగుడ్డ, స్టెరైల్ సెలైన్, చేతి తొడుగులు, చెత్తకి ఒక కవరు, మంచి వెలుతురు.

1. ముందు మనిషిని సరిగ్గా ఉంచండి. పక్కకి పడుకోబెట్టండి, లేదా నిలబడి బల్ల మీద చేతులు ఆనించమనండి. ముందుకి వంచి కూర్చోబెట్టొద్దు. వంగితే వీపు చర్మం సాగుతుంది, సాగిన చర్మం మీద టేపు వేస్తే లేచి నిలబడగానే ముడతలు పడి లాగి బొబ్బలు వస్తాయి.
2. సబ్బుతో చేతులు కడుక్కోండి. వేళ్ళ సందులు, గోళ్ళు మర్చిపోకుండా. ఆ తర్వాత తొడుగులు వేసుకోండి.
3. పాత టేపుని పైకి పీకొద్దు. ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టి, రెండో చేత్తో టేపు అంచుని చర్మానికి దగ్గరగా వెనక్కి మడుస్తూ నెమ్మదిగా తీయండి. గాజు అతుక్కుపోతే సెలైన్ పోసి ఒక నిమిషం నాననివ్వండి.
4. తీసిన గాజుని చూడండి, వాసన చూడండి. మరక రంగు, సైజు గుర్తు పెట్టుకుని కవర్లో వేయండి. తొడుగులు తీసేసి చేతులు మళ్ళీ కడుక్కోండి.
5. గాయాన్ని చూసి ఫోటో తీయండి, ఆపైన చేతులు శుభ్రం చేసుకుని కొత్త తొడుగులు వేసుకోండి.
6. చుట్టూ ఎండిన రక్తం ఉంటేనే సెలైన్‌లో తడిపిన గాజుతో, గాయం నుంచి బయటి వైపుకి ఒకసారి తుడిచి ఆ గాజు పారేయండి. అదే గాజుతో మళ్ళీ గాయం మీదకి రావద్దు. గ్లూ ఉంటే రుద్దనే వద్దు.
7. పూర్తిగా ఆరనివ్వండి. ఈ మెట్టునే చాలామంది దాటేస్తారు. తడి మీద వేసిన డ్రెస్సింగ్ కింద చర్మం తెల్లగా నానిపోతుంది, టేపూ నిలవదు.
8. కొత్తది మధ్యలో ఆనించి అంచుల వైపుకి అదమండి. టేపుని లాగి సాగదీసి అంటించొద్దు.

గాట్లు ఎక్కువుంటే ఒక్కొక్కదానికి వేరే గాజు. ఒకటి బాగా ఉండి ఇంకొకటి కారుతుంటే, బాగున్నదాన్ని ముందు శుభ్రం చేసి, కారేదాన్ని చివర్లో చేయండి.

నడుము కింది భాగంలో, పిరుదుల మధ్య గీతకి దగ్గరగా కోత ఉంటే డ్రెస్సింగ్ కింది అంచు మీద కన్నేసి ఉంచండి. మలవిసర్జన తర్వాత శుభ్రం చేసుకునేటప్పుడు ముందు నుంచి వెనక్కి తుడిచే చెయ్యి డ్రెస్సింగ్‌కి తగలకుండా చూసుకోవాలి, నీళ్ళు చిమ్మితే వెంటనే అద్ది ఆరబెట్టాలి. అంచు లేచిందంటే ఆ రోజే మార్చండి.

## 7. స్నానం

పైన చెప్పిన నైస్ మార్గదర్శకాల ప్రకారం ఆపరేషన్ అయిన 48 గంటల తర్వాత షవర్ స్నానం చేయొచ్చు. మీ సర్జన్ ఇంకా ఆగమంటే ఆగండి. షవర్ అంటే పైనుంచి పడే నీళ్ళు, మగ్గుతో భుజాల మీద పోసుకున్నా అంతే. నీళ్ళలో మునగడం వేరు సంగతి.

- గ్లూ: నీళ్ళు కాసేపు తగలొచ్చు, నానకూడదు. సబ్బు నురగ మీదుగా జారిపోతే చాలు. వాసెలీన్, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, నూనె రాస్తే గ్లూ మెత్తబడి ముందే ఊడిపోతుంది.
- పట్టీలు: తడిసినా పర్లేదు, తర్వాత అద్ది ఆరనివ్వండి. అంచు లేచి బట్టకి తగులుకుంటుంటే లేచినంత మేరకు కత్తెరతో కత్తిరించండి, పీకొద్దు.
- నైలాన్ కుట్లు, స్టేపుల్స్: డాక్టర్ ఓకే అన్నాక నీళ్ళు పోసుకోవచ్చు. టవల్ పోగులు పిన్నులకి చిక్కుకుంటాయి, అందుకే తుడవకుండా మెత్తటి బట్టతో అద్దండి.

స్నానం అయిదు పది నిమిషాల్లో ముగించండి. బాత్‌టబ్, ఈతకొలను, చెరువు, సముద్రం ఇవన్నీ గాయం పూర్తిగా మూసుకుని, పక్కులన్నీ రాలి, సర్జన్ చూసి సరే అనేదాకా వద్దు.

## 8. రోజుకో చూపు, ఒక ఫోటో

వీపు గాయంతో వచ్చిన చిక్కు ఇదే, దాన్ని మోసే మనిషికి అది కనబడదు. అందుకే ఫోటో. రోజూ ఒకే వేళకి, ఒకే లైటు కింద, ఒకే దూరం నుంచి తీయండి, పక్కన ఒక స్కేలు పెడితే ఇంకా మంచిది. పారదర్శకమైన డ్రెస్సింగ్ అయితే తీయక్కర్లేకుండానే చూడొచ్చు.

చూడాల్సినవి:

- అంచులు కలిసే ఉన్నాయా, ఎక్కడైనా విచ్చుకుందా
- ఎరుపు గీత దగ్గరే ఉందా, పాకుతోందా (అనుమానం ఉంటే పెన్నుతో ఎరుపు చుట్టూ గీయండి)
- వాపు, వేడి, గట్టిదనం
- ఏమైనా కారుతోందా, రంగేమిటి
- నొప్పి నిన్నటి కన్నా తగ్గిందా పెరిగిందా

గీత వెంబడి సన్నని ఎరుపు, కాస్త గట్టిగా తగలడం, దురద, చుట్టూ కమిలి పసుపు-ఆకుపచ్చ రంగు, ఇవి మొదటి రెండు వారాల్లో సహజం. టేపు ఆకారంలోనే చతురస్రంగా ఎర్రబడి దురద పెడితే టేపు పడట్లేదన్నమాట. గ్లూ ఉన్నంత మేరా చిన్న చిన్న పొక్కులతో విపరీతమైన దురద వస్తే గ్లూ అలర్జీ కావచ్చు, దీన్ని ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మింగేవాళ్ళున్నారు. డాక్టర్‌కి చూపిస్తే గ్లూ తీసి పూతమందు ఇస్తారు.

## 9. కుట్లు, పిన్నులు తీయించే రోజు

వీపు మీద సాధారణంగా 10 నుంచి 14 రోజులు. వీపు చర్మం కదలికకి ఎక్కువ లాగుతుంది కాబట్టి ముఖం మీద కుట్లలా అయిదు రోజులకే తీసేయరు. షుగర్, స్టెరాయిడ్లు, డ్యూరా చిరగడం ఇలాంటివి ఉంటే ఇంకా ఉంచుతారు.

పిన్నులు తీయడానికి ప్రత్యేకమైన పరికరం ఉంటుంది, అది పిన్ను మధ్యలో నొక్కి రెండు కాళ్ళనీ ఒకేసారి పైకి లేపుతుంది. ఇంట్లో పట్టకారుతో లాగితే ఒక కాలు చర్మాన్ని చీల్చుకుని వస్తుంది. దయచేసి ప్రయత్నించకండి.

అన్నీ ఒకేసారి తీయడం కన్నా ఒకటి విడిచి ఒకటి తీసి, అంచు నిలబడుతుందో లేదో చూసి మిగతావి తీయడం నయం. తీసిన చోట పట్టీలు వేయమని అడగండి. వెళ్ళేముందు లెక్క సరిచూసుకోండి, డిశ్చార్జ్ రోజు రాసుకున్న సంఖ్య ఇక్కడ పనికొస్తుంది. ఎండిన పక్కు కింద ఒక కుట్టు ఉండిపోయి నెల తర్వాత బయటపడటం అరుదేమీ కాదు.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, అయోడిన్ రోజూ పూయడం. మూసిన గాయానికి ఇవి అక్కర్లేదు, కొత్తగా పుట్టే కణాలని కూడా చంపుతాయి. ఆపేసి, సెలైన్‌తో సరిపెట్టండి.

పసుపు, పౌడరు, ఆకుల పసర్లు. స్టెరైల్ కానిదేదీ తాజా కోత మీద వేయకూడదు. ఇప్పటికే వేసి ఉంటే గోకి తీయొద్దు, డ్రెస్సింగ్ గదికి వెళ్ళండి.

బెల్ట్ అంచు గాయం మీద పడటం. కింద పలచటి కాటన్ బనీను వేసి దాని మీద బెల్ట్ కట్టండి. ముడత గాయం మీద పడకుండా బనీనుని కిందకి లాగి సరిచేయండి. ప్యాంటు నడుము పట్టీ సరిగ్గా కోత మీదే ఉంటే కొన్నాళ్ళు ఎలాస్టిక్ లేని వదులు బట్టలే.

గాలి తగలాలని చెమటలో డ్రెస్సింగ్ లేకుండా తిరగడం. కారడం ఆగి, మూసుకున్నాక గాలికి వదిలేయొచ్చు. అప్పటిదాకా బట్ట రాపిడి, చెమట రెండూ శత్రువులే. చెమటకి డ్రెస్సింగ్ తడిస్తే మార్చండి.

పక్కు గిల్లడం, లేచిన గ్లూ పొర పీకడం. కింద కొత్త చర్మం దానితోపాటే వచ్చేస్తుంది. గీరుకుపోయి రక్తం వస్తే శుభ్రమైన గాజుతో అయిదు నిమిషాలు నొక్కి పట్టుకోండి, అంచు విచ్చుకుంటే చూపించండి.

మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేసుకోవడం. ఎరుపు తాత్కాలికంగా తగ్గి, లోపలి ఇన్‌ఫెక్షన్ దాక్కుంటుంది. చీము పరీక్షకి పంపినా క్రిమి దొరక్కపోవచ్చు. స్క్రూలు వేసినవాళ్ళకి ఇది మరీ ప్రమాదం.

బాగుందని వంగి బరువెత్తడం. దీనికి సరిదిద్దుకునే దారి లేదు, ఎత్తకపోవడమే.

## 11. ఎప్పుడు ఆగకూడదు

అదే రోజు ఫోన్ చేయాల్సినవి:

- జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) లేదా అంతకన్నా ఎక్కువ
- పాకే ఎరుపు, వేడి, చీము, దుర్వాసన
- తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరగడం
- అంచు విచ్చుకోవడం
- గాయం కింద మెత్తటి ఉబ్బు పెరగడం

వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాల్సినవి:

- మంచినీళ్ళలా స్వచ్ఛమైన ద్రవం కారడం, దానితోపాటు కూర్చున్నా లేచినా తలనొప్పి పెరిగి పడుకుంటే తగ్గడం. వెన్నుపాము నీరు కారుతుండొచ్చు. పడుకోబెట్టే తీసుకెళ్ళండి.
- మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా మలమూత్రాలు పోవడం
- తొడల మధ్య, మర్మావయవాల దగ్గర తిమ్మిరి
- కాళ్ళలో కొత్తగా బలహీనత, లేదా నిమిష నిమిషానికి పెరిగే భరించలేని నొప్పి
- మెడ బిగుసుకుపోయి, జ్వరంతో మనిషి మగతగా మారడం

చివరి నాలుగు లక్షణాలు గాయం పైకి ఎంత అందంగా కనబడుతున్నా రావచ్చు. చర్మం బాగుంది కదా అని తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. లోపల రక్తం గడ్డకట్టి నరాలని నొక్కుతుంటే గంటలు కూడా లెక్కే.

## 12. మూడు వారాల తర్వాత

పైన మూసుకున్నా ఇన్‌ఫెక్షన్ గడువు అయిపోలేదు. ఆపరేషన్ చోట ఇన్‌ఫెక్షన్‌ని మామూలుగా 30 రోజుల దాకా గమనిస్తారు, స్క్రూలు, కేజ్ (వెన్నుపూసల మధ్య పెట్టే ఆధారం) లాంటివి లోపల ఉంటే 90 రోజుల దాకా. కాబట్టి రోజూ ఫోటో ఆపేసినా వారానికోసారి చూస్తూ ఉండండి.

ఈ దశలో కొందరికి గీత మీద చిన్న పొక్కు లేచి, అందులోంచి సన్నటి దారం ముక్క బయటికి వస్తుంది. కరగాల్సిన కుట్టు ముడిని శరీరం బయటికి నెట్టేయడమే ఇది. భయపడక్కర్లేదు, కానీ లాగొద్దు. డాక్టర్ దగ్గర ఆ కొసని కత్తిరిస్తే చాలాసార్లు అక్కడితో మానిపోతుంది. పొక్కు చుట్టూ ఎరుపు, చీము ఉంటే ఆలస్యం చేయకండి.

మచ్చ విషయానికొస్తే, పక్కులన్నీ రాలి చర్మం పొడిగా మూసుకున్నాకే సిలికాన్ జెల్ లేదా షీటు మొదలుపెట్టండి, రెండు మూడు నెలలు మానకుండా వాడితేనే తేడా తెలుస్తుంది. వీపు ఎండకి తగిలే బట్టలేసుకుంటే మచ్చని కప్పండి, లేకపోతే నల్లబడిపోతుంది. మచ్చ చుట్టూ తిమ్మిరిగా ఉండటం కొన్ని నెలలు సహజం, ఆ తిమ్మిరి ఉన్నన్నాళ్ళూ అక్కడ వేడి కాపడం, హీటింగ్ ప్యాడ్ పెట్టొద్దు. కాలినా తెలియదు.